తాళానికి చెవి

వల్పరైసోలో ఉప్పుగాలి ఏ తాళాన్నీ వదలదు.
ఏడాది తిరక్కుండా ప్రతి దానికీ
తుప్పు దగ్గు పట్టుకుంటుంది.
మా కూడు ఆ దగ్గులోంచే.

గురువారం గురువారం
తాళాల పనివాళ్ళం పదకొండుమందిమి
దోన్యా ఎర్మెలిందా కొట్టు వెనకగదిలో చేరతాం.
టీ ఉంటుంది. నిన్నటి రొట్టె ఉంటుంది.
ఆ వారమంతా ఎవరికో మొండికేసిన తాళం
బల్ల మధ్య పొట్ట విప్పుకుని పడి ఉంటుంది.

జులై వానలో వచ్చాడు కుర్రాడు.
తడిసిన జోళ్ళు గుమ్మం బయటే విడిచాడు.
పేరు నికనోర్ అన్నాడు, చిలొయే దీవి అన్నాడు.
ఎవరి దగ్గర నేర్చావంటే
పోయిన మేనమామ పేరు చెప్పాడు.
పోయినవాళ్ళు సాక్ష్యానికి రారు కదా.

కూర్చోకుండానే అడిగాడు:
"పాత జర్మన్ తాళం. చెవి పోయింది.
తలుపు మీద గీత పడకూడదు. ఎలా?"

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.
దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదేనని
లౌతారో మీసంలో గొణిగాడు.
తరవాత పైకే అన్నాడు,
ఉత్తరం ఏది, లైసెన్సు ఏది,
నిన్నెరిగిన మనిషి ఒక్కడేడీ అని.

కుర్రాడు చేతులు చాచాడు.
బొటనవేలి పక్కన ఆకురాయి చేసిన కాయ ఉంది.
నిజమే,
దొంగకీ ఆకురాయి ఉంటుంది.

నాకు నా ఉత్తరం గుర్తొచ్చింది.
ఇరవై రెండేళ్ళ కిందట ఇదే గుమ్మంలో ఇచ్చాను.
నా గురించి నేనే, ఎడమచేత్తో,
లేని మేస్త్రీ ఒకాయన పొగిడినట్టు రాసుకున్నది.
ఎర్మెలిందా చదివింది. రెండుసార్లు చదివింది.
నాలుగు మడతలు పెట్టి టీ డబ్బాలో వేసి
ఒక తాళం నా ముందుకు తోసింది.

అందుకే చెప్పాను.
అంతా కాదు, సగం.
కళ్ళు మూసుకోమన్నాను.
తాళానికి చెవి అని ఊరికే అనలేదురా,
ముందు నువ్వు విను, తరవాత అది వింటుంది అన్నాను.
సగం విద్య మొత్తం విద్యకన్నా ప్రమాదమో కాదో
ఆ పూట నేను ఆలోచించలేదు.

ఆగస్టులో, కొండమీద పియానో ఉన్న ఇంట్లో
వెండి పోయింది.
తలుపు మీద గీత లేదు.
పోలీసులు పదకొండుమందినీ అడిగారు.
పదిమంది నావైపు చూశారు.
కుర్రాడు మూడు గురువారాలుగా రాలేదు.
ఆ ఇంటివాళ్ళు మర్నాడే తాళం మార్పించి
పాతది చెత్తలో పారేశారట.
నేను వెళ్ళేసరికి చెత్తబండి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో భూమి కదిలింది.
ద్వారబంధాలు పక్కకు ఒరిగిపోయి
ఊళ్ళో సగం తలుపులు బిగుసుకున్నాయి.
రేవు వీధి మేడమీద ఫిలొమేనా ముసలమ్మ
గ్యాసు వాసన మధ్య లోపలుండిపోయింది.
చీకట్లో ఎవరో తీశారట తలుపు.
పేరడిగితే మెట్లు దిగుతున్న చప్పుడే జవాబట.

భూతద్దం పట్టుకుని వెళ్ళాను.
పాత జర్మన్ తాళం. గీత లేదు.
మరలు మళ్ళీ బిగించి ఉన్నాయి,
గాడులన్నీ నిలువుగా,
బడిలో వరస కట్టిన పిల్లల్లా.
మాలో పనిని ప్రేమించినవాళ్ళే అలా నిలబెడతారు.
ఎర్మెలిందా నాకు నేర్పింది.
నేను కుర్రాడికి చెప్పలేదు.
అది నేను దాచుకున్న సగంలోది.

మేనమామ నిజంగానే ఉన్నాడేమో.
తలుపు తీసింది ఇంకెవరో ఏమో.
వెండి సంగతి ఇప్పటికీ తెలీదు,
తెలిసినట్టు రాయలేను.

నిన్న గురువారం.
రొట్టెగుడ్డలో తాళం మూట కట్టుకుని
ఒక పిల్ల వచ్చింది. పద్దెనిమిది ఉంటాయేమో.
ఉత్తరం ఏదీ, అన్నాడు లౌతారో.
పిల్ల నేలచూపులు చూసింది.
నేను లేచి, పై అరలో ఉన్న
పాత టీ డబ్బా కోసం చెయ్యి చాచాను.

లౌతారో ఎందుకో దగ్గాడు.
కూర్చోమ్మా, అన్నాడు,
వానలో తడిసొచ్చావు.

వాన లేదు.